మనుబోతు వేట: గురి ఎక్కడ పెట్టాలి, ఏ రైఫిల్ పట్టాలి

వరంగల్, ములుగు, మంచిర్యాల వైపు నుంచి టెక్సాస్ వెళ్లి స్థిరపడిన మనవాళ్లు అక్కడి దక్షిణ ప్రాంతపు గడ్డిబీళ్లలో మనుబోతును చూసి ఆశ్చర్యపోయి ఇంటికి ఫోన్ చేస్తుంటారు. ఏటూరునాగారం, కవ్వాల్ అడవుల అంచున మన చేలను తొక్కే నీల్గాయే అది. గత శతాబ్దం తొలి సగంలో కింగ్ రాంచ్ అనే పెద్ద పశుక్షేత్రం వారు జంతుశాలల నుంచి కొనితెచ్చి వదిలితే, అది అక్కడి వేడికి, ముళ్లపొదలకు బాగా అలవాటుపడి, కంచెలు దాటి మెక్సికో సరిహద్దు దాకా పాకింది. పశువులకు ప్రాణాంతకమైన జ్వరాన్ని మోసే గోమారులు దీని ఒంటి మీద కూడా బతుకుతాయి కనుక పశువుల పెంపకందారులకు ఇది తలనొప్పి అయింది. పరాయి జంతువు కావడంతో అక్కడి ప్రైవేటు భూముల్లో దాని వేటకు నిర్ణీత కాలం లేదు, ఇన్నే కొట్టాలన్న పరిమితి కూడా లేదు.

ఈ వ్యాసం అక్కడ చట్టబద్ధంగా వేటకు వెళ్లే వారి కోసం రాసింది. ఇక్కడి మాట వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో మనుబోతును వేటాడడం నేరం. పంట నాశనమవుతున్నా సరే, అటవీశాఖ నుంచి రాతపూర్వకమైన అనుమతి లేకుండా రైతు తుపాకి పేల్చకూడదు, పొలం చుట్టూ కరెంటు తీగ పెట్టకూడదు. ఆ తీగ మనుబోతును చంపడానికి ముందు, తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి పోయిన మనిషిని చంపిన ఊళ్లు మన వైపు చాలానే ఉన్నాయి.

మొదట కాగితాలు

టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో వేటాడాలన్నా రాష్ట్ర వేట లైసెన్సు ఉండాలి, భూమి యజమాని అనుమతి ఉండాలి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు వేట శిక్షణ కోర్సు కూడా పూర్తిచేయాలి. మనవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇంకొక విషయంలో. హెచ్-1బీ, ఎఫ్-1, బీ-2 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకిని గానీ తూటాలను గానీ తమ అధీనంలో ఉంచుకోవడాన్ని అమెరికా సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు చేతిలో ఉండడం ఆ నిషేధానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి. స్నేహితుడి రైఫిల్‌ను పది నిమిషాలు పట్టుకున్నా అధీనంలో ఉన్నట్లే లెక్క కనుక, లైసెన్సు తీసుకున్న తర్వాతనే సాధనకైనా వెళ్లండి. మీ వీసా పరిస్థితిలో ఏ చిక్కున్నా ముందుగా వకీలును అడగండి.

తర్వాత జంతువు ఒళ్లు

రైఫిల్ కొనే ముందు జంతువును చదవండి. ఈ వేటలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. ఏ క్యాలిబర్ (తుపాకి గొట్టం లోపలి వెడల్పు) అనే చర్చ గంటల తరబడి సాగుతుంది కానీ, మనుబోతులు గాయపడి తప్పించుకుపోయేది తుపాకి చిన్నదై తక్కువసార్లు, గురి పైకిపోయి ఎక్కువసార్లు.

మేడారం జాతరలోనో దసరాకో మేకను కోసి విప్పేటప్పుడు దగ్గర నిలబడి చూసినవారికి సగం పాఠం వచ్చినట్లే. గుండెకాయ ముందుకాళ్ల మోచేతుల మధ్య, ఛాతీ అడుగున కూర్చుని ఉంటుంది. దానికి పైన, కొంత వెనక్కి తిత్తులు పరుచుకుని ఉంటాయి. వాటి వెనక పల్చటి పొర, ఆ పొర వెనక కార్జం, ఆ వెనక పొట్ట, బోటి వస్తాయి. మనుబోతులోనూ అమరిక ఇదే. అయితే వేటగాడిని మోసం చేసే తేడాలు మూడున్నాయి.

మొదటిది మూపు. భుజాల పైన వెన్నుపూసల నుంచి పైకి లేచే ఎముకలు పొడుగ్గా ఉండడం వల్ల మగ మనుబోతు ముందుభాగం ఎత్తుగా, వెనుకభాగం వాలుగా కనిపిస్తుంది. ఆ ఎత్తులో పైభాగమంతా ఎముక, కండ, కొవ్వు మాత్రమే. చూసేవాడు మొత్తం ఎత్తును రెండుగా భాగించి మధ్యలో గురి పెడతాడు. ఆ మధ్య అనుకున్నది నిజానికి తిత్తుల పై అంచు, ఒక్కోసారి వెన్ను.

రెండవది, ప్రాణాధారమైన అవయవాలు ముందుకు, జబ్బల చాటున ఉండడం. అమెరికాలో తెల్లతోక దుప్పులను కొట్టడం నేర్చుకున్నవారు జబ్బ వెనుక, పక్కటెముకల మీద గురి పెడతారు. అక్కడ మాంసం పాడుకాదు, దుప్పి పడిపోతుంది. పెద్ద మగ మనుబోతు మీద అదే చోటుకు ఒక జానెడు వెనక తగిలితే తూటా కార్జంలోకో పొట్టలోకో పోతుంది.

మూడవది చర్మం. పెద్ద మగదానికి మెడ మీద, జబ్బల మీద తోలు బాగా మందంగా ఉంటుంది, కింద కొవ్వు ఉంటుంది. తూటా చేసిన చిన్న కంత వెంటనే మూసుకుపోయినట్లవుతుంది, నెత్తురు లోపలే నిండుతుంది. ప్రాణాంతకమైన దెబ్బ తగిలినా వంద గజాల దాకా నేల మీద చుక్క కనబడకపోవచ్చు.

వెళ్లే ముందు ఒక పూట హన్మకొండ హంటర్ రోడ్డులోని జంతుశాలకో, హైదరాబాదులోని నెహ్రూ జంతుశాలకో వెళ్లి, మనుబోతు గానీ కణుజు గానీ పక్కకు తిరిగి నిలబడినప్పుడు దాని మోచేయి ఎక్కడుందో, నడిచేటప్పుడు జబ్బ ఎముక ఎలా కదులుతుందో చూసి రండి. వేట నేర్చుకోవడానికి హంటర్ రోడ్డుకు పోవడం నవ్వు తెప్పించవచ్చు కానీ, నాకు తెలిసిన ఏ బొమ్మా అంత బాగా నేర్పలేదు.

గురి పెట్టడం

జంతువు పూర్తిగా పక్కకు తిరిగి నిలబడి ఉంటే, దగ్గరి ముందుకాలి మధ్యగీతను పట్టుకుని కంటితో పైకి వెళ్లండి. ఛాతీ కింది అంచు నుంచి వెన్ను దాకా ఉన్న ఎత్తును మూడు భాగాలు చేయండి. కింది భాగం ముగిసి మధ్యభాగం మొదలయ్యే చోట, ఆ కాలిగీత మీదనే గురి నిలపండి. తూటా జబ్బ ఎముకను విరిచి, గుండె పైభాగాన్ని, దాని నుంచి లేచే పెద్ద రక్తనాళాలను, తిత్తులను చీల్చుకుంటూ అవతలి జబ్బలోకి పోతుంది. కాస్త కిందికి జారినా గుండెనే తాకుతుంది, కాస్త పైకి పోయినా తిత్తులు తప్పవు. జబ్బ మాంసం కొంత పాడవుతుంది. పాడవనివ్వండి. జంతువే దొరకకపోతే పోయేది మొత్తం మాంసం.

జంతువు మీకు దూరంగా ఏటవాలుగా తిరిగి ఉంటే దగ్గరి పక్కను మరచిపోయి, అవతలి ముందుకాలు ఎక్కడుందో ఊహించి, తూటా అక్కడికి చేరే దారిలో గురి పెట్టాలి. అప్పుడు తూటా పక్కటెముకల వెనుక భాగంలో ప్రవేశించినట్లు కనిపించినా సరైన చోటుకే పోతుంది. మీ వైపు ఏటవాలుగా తిరిగి ఉంటే దగ్గరి జబ్బకు, ఛాతీ ముందుభాగానికి మధ్య గురి పెట్టాలి. ఇది కొంచెం కష్టమైన దెబ్బ, గట్టి బుల్లెట్ లేనివారు ఆగడమే మేలు. ఎదురుగా నిలబడితే మెడ ఛాతీలో కలిసే గుంటకు కింద కొట్టవచ్చు, అది కూడా దగ్గరలో, తుపాకి స్థిరంగా ఆనినప్పుడే. వెనుక నుంచి కొట్టకండి. తలకు అసలే కొట్టకండి: మెదడు చిన్నది, తల ఎప్పుడూ కదులుతుంది, దవడ విరిగిన జంతువు ఎన్నో రోజులు ఆకలితో చస్తుంది. మెడ గురించి కూడా అదే చెబుతాను, ఎందుకంటే మగ మనుబోతు మెడ అంత లావులో వెన్నుపూస దారి బయటికి తెలియదు.

నా మొదటి మనుబోతు విషయంలో ఇవన్నీ నాకు చదివి తెలుసు. అయినా 150 గజాల దూరంలో ఆ నీలపు బూడిదరంగు మూపు స్కోపులో, అంటే రైఫిల్ మీది దుర్బిణిలో, నిండేసరికి కన్ను దాని మధ్యకే పోయింది. తూటా తగలగానే అది గోడ కూలినట్లు కూలింది. పక్కనున్న బావమరిది భుజం తట్టాడు. నేను తుపాకి దించి నవ్వుతుండగా, నిమిషం తిరగకముందే అది లేచి, తూలి, ముళ్లపొదల్లోకి పోయింది. చీకటి పడేదాకా వెతికాం. మరునాడూ వెతికాం. దొరకలేదు. తూటా వెన్నుపాము మీదుగా పైనున్న ఎముకలను తాకినప్పుడు ఆ అదురుకు కాళ్లు చచ్చుబడి జంతువు అప్పటికప్పుడు పడిపోతుంది, అదురు తగ్గగానే లేస్తుంది. కాబట్టి తక్షణం కూలిన మనుబోతును నమ్మవద్దు. కూలిన క్షణంలోనే రెండో తూటా ఎక్కించి గురి మీద ఉండండి.

రైఫిల్, బుల్లెట్

మగ మనుబోతు 250 కిలోలు దాటగలదు, ఆడది దానికంటే చాలా తేలిక. రెండింటికీ ఒకే రైఫిల్ సరిపోతుంది కానీ, మగదాన్ని లెక్కలో పెట్టుకుని ఎంచుకోవాలి.

అమెరికన్లు బుల్లెట్ బరువును గ్రెయిన్లలో చెబుతారు. మనకు ఇది కొత్త కాదు: పాత లెక్కలో ఒక తులం సరిగ్గా 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. ఇప్పుడు బంగారం కొట్ల వాళ్లు 10 గ్రాములనే తులం అంటున్నా, తాతల నాటి తులం ఇదే. .30 క్యాలిబర్ రైఫిళ్లకు ఈ వేటలో నేను సూచించే బరువు కూడా అదే, ఒక తులం.

థర్టీ-ఆట్-సిక్స్ అని పిలిచే .30-06 రైఫిల్ 1906 నుంచి ఉంది. 180 గ్రెయిన్ల బుల్లెట్‌ను సెకనుకు దాదాపు 820 మీటర్ల వేగంతో పంపుతుంది, గొట్టం మూతి దగ్గర శక్తి 3,900 జౌళ్లకు పైన. 200 గజాల లోపల కాల్చేవారికి, మంచి బుల్లెట్ ఉంటే, ఇది చాలు. 1963లో వచ్చిన .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ అదే తులం బుల్లెట్‌ను దాదాపు 900 మీటర్ల వేగంతో పంపుతుంది, శక్తి 4,700 జౌళ్ల దాకా పోతుంది. దక్షిణ టెక్సాస్ బీళ్లు బల్లపరుపు, సముద్రపు గాలి ఆగదు, మనుబోతు చూపు, వాసన పట్టే శక్తి రెండూ గొప్పవి, దగ్గరికి రానివ్వదు. అందుకే ఒక్క రైఫిలే ఉండాలంటే నా ఎంపిక ఇది. .338 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ 225 గ్రెయిన్లతో ఇంకా గట్టిగా కొడుతుంది, కాల్చేవాడి భుజాన్ని కూడా.

.270 విన్‌చెస్టర్‌లో 130 గ్రెయిన్ల బుల్లెట్ శక్తి కాగితం మీద .30-06కు ఇంచుమించు దగ్గరగా కనిపిస్తుంది. కానీ తేలికైన, వేగమైన బుల్లెట్ మందపు తోలును, జబ్బ ఎముకను దాటేసరికే చితికిపోయే ప్రమాదముంది. ఆడదానికి సరే, మగదానికి వద్దు. ఈ మధ్య అందరి నోటా నానుతున్న 6.5 క్రీడ్‌మూర్ గురించి కూడా నా అభిప్రాయం ఇదే. శక్తి అంకె ఎంత ఉందన్నది కాక, ఆ బుల్లెట్ ఎముక దాటిన తర్వాత ఎంత మిగిలి ఎంత లోతుకు పోతుందన్నది చూడాలి.

అందుకే క్యాలిబర్ కంటే బుల్లెట్ నిర్మాణానికి ఎక్కువ డబ్బు, ఎక్కువ ఆలోచన పెట్టండి. మెత్తటి సీసం మీద పల్చటి రాగి తొడుగున్న మామూలు బుల్లెట్ దుప్పులకు చేసినది. జాన్ నోస్లర్ అనే అమెరికన్ వేటగాడు 1946లో కెనడాలో ఒక పెద్ద మూస్ దుప్పి మీద ఇలాంటి బుల్లెట్లు లోపలికి దిగకుండా చితికిపోవడం చూసి, మధ్యలో రాగి గోడ ఉన్న బుల్లెట్‌ను తయారుచేశాడు. ముందు సగం విచ్చుకున్నా వెనుక సగం చెదరకుండా దూసుకుపోవడం దాని పని. పార్టిషన్ పేరుతో అది 1948 నుంచి అమ్ముడవుతోంది. తర్వాత సీసాన్ని తొడుగుకు అతికించిన బాండెడ్ బుల్లెట్లు, పూర్తిగా రాగితో చేసిన బార్న్స్ వంటివి వచ్చాయి. ఈ మూడు రకాల్లో ఏదైనా తీసుకోండి. రాగి బుల్లెట్‌ను ఎంచుకుంటే ఆ రైఫిల్‌కు అది సరిగ్గా కుదురుతుందో లేదో కాల్చి చూడకుండా వేటకు తీసుకెళ్లకండి.

ఆఫ్రికా వెళ్లేవారికీ ఈ సూత్రమే వర్తిస్తుంది. అక్కడి పెద్ద జింకజాతి జంతువులైన వైల్డ్‌బీస్ట్, గెమ్స్‌బాక్ మొండి ప్రాణాలు, వాటి గుండె కూడా అడుగునే ఉంటుంది. నమీబియాలో కూడూ, గెమ్స్‌బాక్, ఈలాండ్ వంటి వాటికి మూతి దగ్గర కనీసం 2,700 జౌళ్ల శక్తి ఉండాలని నియమం. .30-06 దాన్ని సులువుగా దాటుతుంది. కాని మగ ఈలాండ్ మన గేదెకంటే బరువైనది. దానికి 1912 నాటి .375 హాలండ్ అండ్ హాలండ్, 300 గ్రెయిన్ల బుల్లెట్ ఉంటే మనసు నిమ్మళంగా ఉంటుంది.

సాధన

పెద్ద రైఫిల్ తన్నుకు భయపడి ట్రిగ్గర్ లాగేటప్పుడు కళ్లు మూసేవాడి కంటే, చిన్న రైఫిల్‌తో నిబ్బరంగా కాల్చేవాడు మేలు. కాలేజీలో ఎన్‌సీసీ .22 రైఫిల్ కాల్చినవారికి ఊపిరి సగం వదిలి ఆపడం, ట్రిగ్గర్‌ను గుంజకుండా మెల్లగా నొక్కడం గుర్తుండే ఉంటుంది. ఆ అలవాటే ఇక్కడా పనికొస్తుంది. తుపాకి మడమ భుజం గుంటలో గట్టిగా ఆనాలి, స్కోపుకు కంటికి మధ్య మూడు నాలుగు అంగుళాలు ఉండాలి. లేకపోతే .300 మ్యాగ్నమ్ కనుబొమ మీద అర్ధచంద్రం వేస్తుంది.

100 గజాల దగ్గర తూటా గురికి 2 అంగుళాలు పైన పడేటట్లు స్కోపును సరిచేస్తే, దాదాపు 200 గజాల దగ్గర గురి మీదనే పడుతుంది. అంతవరకు లెక్కలు అక్కరలేదు. 300 గజాల దగ్గర .30-06 బుల్లెట్ 8 అంగుళాలకు పైగా కిందికి జారుతుంది, .300 మ్యాగ్నమ్ కొంచెం తక్కువ. అడ్డగాలి గంటకు 16 కిలోమీటర్లు వీచినా 200 గజాలకే తూటా సుమారు 3 అంగుళాలు పక్కకు పోతుంది. అక్కడ గాలి తరచూ అంతకంటే ఎక్కువే. బల్ల మీద ఆనించి కాల్చింది సాధన కాదు. మూడు కాళ్ల కర్ర మీద ఆనించి, నిలబడి, కొంచెం పరుగెత్తి ఆయాసంతో ఉన్నప్పుడు 8 అంగుళాల వలయంలో ఐదుకు ఐదు పడే దూరమే మీ దూరం. నాకది 180 గజాలు. అంతకు మించి కాల్చను.

కాల్చేటప్పుడు, కాల్చిన తర్వాత

మనుబోతులు ఒకేచోట పేడ వేసే అలవాటున్నవి కనుక, మట్టిబాటల మీద ఆ కుప్పలు కనబడితే ఆ దారి వాడకంలో ఉన్నట్లు గుర్తించండి. గాలికి ఎదురుగా నడవండి. జంతువు కనిపించిన తర్వాత దాని వెనక ఇంకొకటి నిలబడి ఉందేమో తప్పక చూడండి, గట్టి బుల్లెట్ ఒకదాన్ని దాటి రెండోదాన్ని గాయపరుస్తుంది.

కాల్చిన వెంటనే తూటా మార్చండి, స్కోపు నుంచి కన్ను తీయకండి. జంతువు నిలబడి ఉన్నంతసేపు కాలుస్తూనే ఉండండి, తూటాలు ఆదా చేసే చోటు కాదిది. పొదల్లోకి పోతే అది నిలబడిన చోటును, మాయమైన చోటును రెండు గుర్తులతో మనసులో నాటుకోండి. అక్కడి మెస్కీట్ పొదలు మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టాలు, లోపలికి వెళ్తే దిక్కు తెలియదు. (మన మనుబోతు అక్కడికి పోయింది, ఆ ఖండపు తుమ్మ మన చెరువుగట్ల మీదికి వచ్చింది. ఎవరు ఎక్కువ నష్టపోయారో తేల్చడం కష్టం.)

అరగంట ఆగి జాడ తీయండి. నురగతో గులాబీ రంగు నెత్తురు తిత్తులది, జంతువు దగ్గరలోనే పడి ఉంటుంది. చిక్కటి ముదురు ఎరుపు కార్జానిదో కండదో, ఇంకో గంట ఓపిక పట్టాలి. ఆకుపచ్చటి పసరు, దుర్వాసన ఉంటే పొట్టకు తగిలినట్లు, నాలుగైదు గంటలు కదిలించకూడదు. కదిలిస్తే మైళ్ల దూరం పోతుంది. నెత్తురు లేకపోయినా తప్పిందనుకోవద్దు, పైన చెప్పిన తోలు సంగతి గుర్తుంచుకుని గిట్టల జాడ పట్టుకుని కనీసం 300 గజాలు వెతకండి. పడిన జంతువును వీపు వైపు నుంచి సమీపించి, పొడుగాటి కర్రతో కంటిని తాకండి. రెప్ప కదిలితే ఇంకో తూటా ఛాతీలోకి. కొమ్ములు చిన్నవే కానీ మొన తేలి ఉంటాయి.

ఆ వేడికి మాంసం త్వరగా చెడుతుంది కనుక ఆలస్యం చేయకుండా పేగులు తీసి, తోలు వొలిచి, మంచు మీద పెట్టించండి. తోలు వొలిచేటప్పుడు తూటా దారిని వేలితో వెతుకుతూ చూడండి. చాలాసార్లు అది అవతలి పక్క తోలు కింద చిక్కుకుని దొరుకుతుంది. దాన్ని కడిగి అక్కడే చిన్న త్రాసులో తూచండి. ఒక తులంతో బయలుదేరిన రాగి బుల్లెట్ దాదాపు తులం మిగిలే ఉండాలి, బాండెడ్‌లో తులానికి కొంచెం తక్కువ, పార్టిషన్‌లో మూడింట రెండు వంతులు. అర తులం కూడా మిగలకపోతే మరుసటిసారికి బుల్లెట్ మార్చండి. ఆ ముక్కను గానీ ఖాళీ తూటా గుల్లను గానీ జ్ఞాపకంగా బ్యాగులో వేసుకుని మాత్రం రాకండి. జేబు మూలల్లో మరచిన ఒక్క తూటా ఉన్నా శంషాబాద్ విమానాశ్రయంలో ఆయుధాల చట్టం కింద కేసు దాకా పోతుంది. వేటకు తీసుకెళ్లిన సంచి, కోటు, ప్యాంటు జేబులన్నీ ప్రయాణానికి ముందు రోజే బోర్లించి దులపండి.